కంటి అంచున దాగిన వెలుగు

నల్లగుడ్డుపై గాజువలె నిర్మలంగా ఉండే పొర కార్నియా. గాయం మానేటప్పుడు అందులోని కొల్లాజెన్ పోగులు చిందరవందరగా అల్లుకుంటే తెల్లని మచ్చ మిగులుతుంది. మన పెద్దలు దానినే ‘కంటిలో పువ్వు’ అన్నారు.

మార్పిడి చికిత్సలో దాత కార్నియా నడిమి భాగమే రోగికి అమరుతుంది. చుట్టూ అంచు మిగిలిపోతుంది. మానవ నేత్రపు ఆ అంచులోని స్ట్రోమల్ కణాలను ప్రయోగశాలలో పెంచి ఎలుకల కంటి గాయంపై ఉంచగా, పోగులు క్రమంగా పేరుకొని మచ్చ నివారింపబడిందని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రకటించారు. తదుపరి మానవులపై పరీక్షలు కూడా ప్రారంభమయినవి.

ఈ చికిత్సకు మూలధనం దాత కన్నే. మరణానంతరం 6 గంటలలోగా కన్నులను సేకరించవలసి ఉంటుంది. సంచౌంగ్‌లోని ఇంటనైనా, శ్రీకాకుళంలోని ఇంటనైనా ఆ నిర్ణయం దుఃఖసమయానికి ముందే జరగాలి.