రాజ్యాంగం మారితే జడ్జీలు ఏమవుతారు?

తమ్ముళ్లారా! ఏటా జనవరి 26న మన హాస్టల్లో జెండా ఎగరేస్తాం. 1950లో అదే రోజు కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. మరి పాత జడ్జీలు ఏమయ్యారు? పి.జి.కి వచ్చాకే మేము తెలుసుకున్నాం.

374వ అధికరణం ప్రకారం ఫెడరల్ కోర్టు జడ్జీలు, తాము వద్దనుకుంటే తప్ప, సుప్రీంకోర్టు జడ్జీలయ్యారు. పెండింగు కేసులూ వాళ్లతోనే వెళ్లాయి. 376వ అధికరణం హైకోర్టు జడ్జీలనూ అలాగే కొనసాగించింది. అప్పట్లో మన అరకు మద్రాసు కిందే ఉండేది. అక్కడి ప్రధాన న్యాయమూర్తి, తెలుగువారైన పి.వి.రాజమన్నార్ 1948 నుంచి 1961 వరకు ఆ పదవిలోనే ఉన్నారు.

372వ అధికరణం పాత చట్టాలనూ నిలిపింది. కొండజాతివారి భూమిని ఏజెంటు అనుమతి లేకుండా బయటివారు కొంటే చెల్లదన్న 1917 చట్టం, 1959లో కొత్త భూబదలాయింపు నిబంధనలు వచ్చేదాకా నిలిచింది.

చట్టం ఉన్నా, తీర్పు చెప్పే కుర్చీ ఖాళీగా ఉంటే నష్టపోయేది మనవాళ్లే. ఆ కుర్చీ దాకా చదవండి, తమ్ముళ్లారా!