అయస్కాంతం మారితే నాదం మారుతుందా?

ఊరి తీర్థంలోనో, పెళ్లి పందిట్లోనో ఆర్కెస్ట్రా జరిగేటప్పుడు ఎలక్ట్రిక్ గిటారును దగ్గరగా చూశారా? మామూలు గిటారుకు ఉన్నట్టు దానికి బోలు పెట్టె ఉండదు. చాలావాటికి ఉండేది ఒట్టి చెక్క పలకే. ఆంప్లిఫయరుకు వెళ్లే వైరు ఊడదీసి మీటితే నాలుగు బారల దూరంలో ఉన్నవారికి కూడా సరిగా వినిపించదు. వైరు తగిలించగానే పందిరంతా మారుమోగుతుంది! ఇందులో కిటుకు ఏమిటి?

తీగల కింది పెట్టె

గిటారు తీగల కింద అగ్గిపెట్టె కన్నా కాస్త పొడవైన చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. దానిని పికప్ అంటారు. అందులో ముఖ్యమైనవి రెండే: ఒక శాశ్వత అయస్కాంతం, వేల చుట్లు చుట్టిన రాగి తీగ. ఆ రాగి తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటరు. అంటే ఇంచుమించు మన తలవెంట్రుకంత!

పికప్‌ను కొందరు మైకు అనుకుంటారు. మైకు గాలిలోని ధ్వని తరంగాలను అందుకుంటుంది. పికప్‌కు గాలితో పనిలేదు. దానిలోని అయస్కాంతం పైనున్న ఉక్కు తీగను కూడా చిన్న అయస్కాంతంగా మారుస్తుంది. అయస్కాంత ప్రేరణ అని మీరు చదువుకున్నది ఇదే. మనం తీగను మీటినప్పుడు అది కంపిస్తుంది. దానితోపాటు రాగి చుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం పెరుగుతూ, తగ్గుతూ ఉంటుంది. అభివాహం మారితే చుట్టలో విద్యుత్తు పుడుతుందని మైఖేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. తీగ సెకనుకు 440 సార్లు కంపిస్తే విద్యుత్తు కూడా సెకనుకు 440 ఆవర్తనాలు చేస్తుంది. ఆంప్లిఫయరు దానిని పెద్దది చేస్తుంది. స్పీకరు తిరిగి ధ్వనిగా మారుస్తుంది.

కాబట్టి తీగ ఉక్కుదై ఉండాలి. నైలాను తీగనో, ఇత్తడి తీగనో బిగించి ఎంత గట్టిగా మీటినా పికప్‌కు వినిపించదు.

అమెరికాలో జార్జి బోషాం, అడాల్ఫ్ రికెన్‌బేకర్ కలిసి 1931-32 ప్రాంతంలో ఇలాంటి గిటారును తయారుచేశారు. అందులో వాడినవి గుర్రపునాడా ఆకారపు అయస్కాంతాలు. దానికి 1937లో పేటెంటు లభించింది.

పాలకొల్లు మాండలిన్

ఈ విద్య మన గోదావరి సీమలో ఒక అద్భుతాన్ని సాధించింది. మొగల్తూరుకు దగ్గరలోనే ఉన్న పాలకొల్లులో 1969లో ఉప్పలపు శ్రీనివాస్ జన్మించారు. ఆయన చేపట్టినది మాండలిన్. దానికి నాలుగు జతల తీగలు ఉంటాయి. మీటగానే 'టింగు'మని మోగి, ఆ నాదం వెంటనే ఆగిపోతుంది. మన కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం. ఒకసారి మీటి, ఆ మోత ఆరిపోకముందే వేలిని జరుపుతూ స్వరాన్ని ఊపాలి. మోతే నిలవకపోతే గమకం ఎలా పలుకుతుంది?

శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నారు. నాలుగు జతలకు బదులు అయిదు ఒంటి తీగలు బిగించారు. గట్టి చెక్క పలక తీగలోని శక్తిని గాలిలోకి త్వరగా వదలదు. అందువల్ల తీగ ఎక్కువసేపు కంపిస్తుంది. సన్నగిల్లుతున్న ఆ కంపనాన్ని పికప్ అందుకుంటే ఆంప్లిఫయరు వినిపిస్తుంది. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఆయన తొలి కచేరీ చేశారు. అప్పటికి ఆయన తొమ్మిదేళ్ల బాలుడు! 1998లో పద్మశ్రీ అందుకున్నారు. 2014లో కన్నుమూశారు.

తీగ ఎక్కువసేపు స్వేచ్ఛగా కంపించాలి. ఈ మాట గుర్తుంచుకోండి. అయస్కాంతాన్ని ఎన్నుకోవడంలో కీలకం ఇదే.

బలం ఎక్కువైతే?

'ఇంకా బలమైన అయస్కాంతం పెడితే ఎక్కువ విద్యుత్తు పుడుతుంది కదా, నాదం ఇంకా బాగుంటుంది' అని మీకు తోచవచ్చు. మొదటి సగం నిజమే. కాని అయస్కాంతం తీగను తనవైపు లాగుతుందని మరిచిపోకూడదు. ఆ లాగుడు వల్ల తీగ పైకీ కిందికీ చేసే కంపనం కాస్త నెమ్మదిస్తుంది. పక్కలకు చేసే కంపనం అంతగా నెమ్మదించదు. ఒకటి 438, రెండవది 440 అయ్యాయనుకోండి. అప్పుడేమవుతుంది? సెకనుకు 2 విస్పందనాలు! స్వరం నిలకడ తప్పి 'వ్వా వ్వా' అని ఊగుతుంది. వాయించేవాడు వేయని గమకాన్ని అయస్కాంతం వేస్తుందన్నమాట. పైగా మోత త్వరగా సన్నగిల్లవచ్చు కూడా.

దీనిని మీ పాఠశాలలోని సోనామీటరుతో పరీక్షించవచ్చు. ఉక్కు తీగను బిగించి మధ్యలో మీటండి. మోత ఎన్ని సెకన్లు వినిపించిందో రాసుకోండి. పాత స్పీకరు నుంచి తీసిన అయస్కాంతాన్ని తీగ మధ్యభాగం కింద 10 మిల్లీమీటర్ల దూరంలో, తరువాత 5, తరువాత 3 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి మళ్లీ మీటండి. తీగ అయస్కాంతానికి తగలకూడదు. ప్రతి దూరంలోనూ మూడుసార్లు చేసి సగటు కట్టండి. మోత ఊగుతోందేమో చెవి ఒగ్గి వినండి. తరువాత ఇత్తడి తీగతో చేయండి. దాదాపు ఏ మార్పూ కనిపించదు. ఎందుకో మీరే చెప్పగలరు!

ఆల్నికో, సిరామిక్

పికప్‌లలో ఎక్కువగా వాడేవి రెండు రకాల అయస్కాంతాలు. మొదటిది ఆల్నికో. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ పేర్ల తొలి అక్షరాలతో ఏర్పడిన పేరు ఇది. వీటితోపాటు ఇందులో ఇనుము ఉంటుంది. ఇనుము, నికెల్ మిశ్రమానికి అల్యూమినియం చేరిస్తే గట్టి అయస్కాంతం తయారవుతుందని 1931లో జపాను శాస్త్రవేత్త మిషిమా కనుగొన్నాడు. ఆల్నికోలో అంకెలతో పిలిచే రకాలు ఉన్నాయి. రెండవ రకంలో నిలిచే అయస్కాంతత్వం సుమారు 0.7 టెస్లా, అయిదవ రకంలో సుమారు 1.2 టెస్లా. రెండవ రకం నాదం మెత్తగా, అయిదవ రకం నాదం స్ఫుటంగా ఉంటుందని వాద్యకారులు చెబుతారు.

రెండవది సిరామిక్. ఇనుప ఆక్సైడుకు బేరియం లేదా స్ట్రాన్షియం సమ్మేళనాన్ని కలిపి, కుండను కాల్చినట్టు కాల్చి దీనిని చేస్తారు. స్పీకరు వెనుక కనిపించే నల్లని చక్రం చాలావాటిలో ఇదే. దీనిలో నిలిచేది సుమారు 0.4 టెస్లాయే అయినా, పొట్టిగా కోసినా తన బలాన్ని అంత తేలికగా కోల్పోదు. అంతేకాదు, ఆల్నికో లోహం. అందులో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి హెచ్చు పౌనఃపున్యాలను కొంత తగ్గిస్తాయి. సిరామిక్ ద్వారా విద్యుత్తు ప్రవహించదు కనుక ఆ నష్టం ఉండదు. అందుకే సిరామిక్ పికప్ నాదం తరచు పదునుగా వినిపిస్తుంది. అయితే చుట్ల సంఖ్య మారినా నాదం మారుతుంది. అంతా అయస్కాంతం మహిమే అనుకోరాదు.

మార్చడం ఎలా?

అన్ని పికప్‌లలోనూ అయస్కాంతాన్ని మార్చలేము. కొన్నింటిలో అయస్కాంతపు కడ్డీల మీదనే రాగి తీగ చుట్టి ఉంటుంది. కడ్డీ లాగితే తీగ తెగుతుంది. 1955లో సేత్ లవర్ రూపొందించిన జంట చుట్టల పికప్‌లో అలా కాదు. కరెంటు వైర్ల నుంచి వచ్చే 'హమ్' శబ్దాన్ని ఆ రెండు చుట్టలు ఒకదానిలోనిది ఒకటి కొట్టివేస్తాయి. వాటి అడుగున పలకలాంటి అయస్కాంతం ఒకటి విడిగా ఉంటుంది. అడుగు స్క్రూలు వదులు చేస్తే అది పక్కకు జరిగి వస్తుంది.

తీసేముందు దిక్సూచితో ఉత్తర ధ్రువం ఎటు ఉందో చూసి గుర్తు పెట్టుకోవాలి. కొత్తదానిని కూడా అటే ఉంచాలి. తిరగేసి పెడితే, ఆ ఒక్క పికప్‌నే వాడినప్పుడు తేడా తెలియదు. రెండు పికప్‌లను కలిపి వాడినప్పుడు మాత్రం బల్లకట్టును ఇద్దరు చెరో ఒడ్డుకూ లాగినట్టు, రెండు విద్యుత్ ప్రవాహాలూ ఒకదానికొకటి ఎదురై నాదం పేలవమవుతుంది. ఈ పని చేసేటప్పుడు గిటారును ఆంప్లిఫయరు నుంచి వేరు చేయాలి. ఆంప్లిఫయరును మాత్రం మీరు విప్పకండి. అది ప్రమాదం.

డబ్బు పెట్టి కొత్త అయస్కాంతం కొనేముందు చేయవలసిన పని మరొకటి ఉంది. పికప్ రెండు చివరలా ఉన్న స్క్రూలను తిప్పితే అది పైకీ కిందికీ జరుగుతుంది. తీగకూ పికప్‌కూ మధ్య దూరం సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంచి మొదలుపెట్టండి. నాదం ఊగుతుంటే ఇంకొంచెం దించండి, బలహీనంగా ఉంటే కొంచెం ఎత్తండి. దూరం మారితే తీగ దగ్గర అయస్కాంత క్షేత్రం కూడా మారుతుంది కదా! అన్నలెవరైనా గిటారు నాదం బాగాలేదని విసుక్కుంటుంటే, ముందు ఈ ఖర్చులేని పరీక్ష చేయమనండి. అప్పటికీ కుదరకపోతేనే అయస్కాంతం జోలికి వెళ్లమనండి.