మాఘంలో నీళ్ల బిందె పక్కన పెట్టండి

సంక్రాంతి వెళ్ళాక, రథసప్తమి నుంచి కాముని పున్నమి దాకా ఉండే రోజులే హైదరాబాద్ శివారులోని మా నాదర్‌గుల్ తోటలకు అసలైన పండుగ రోజులు. తెల్లవారుజామున చలి ఇంకా వదలదు. ఫిబ్రవరిలో మధ్యాహ్నానికి ఎండ 30 డిగ్రీలు దాటుతుంది. నవంబరు నుంచి చెప్పుకోదగ్గ వాన ఉండదు. ఇక్కడిది ఎర్ర చెల్క నేల, కొంచెం తవ్వితే రాయి తగులుతుంది, తడి నిలవదు. ఇంత ఎండుదనంలో తోట వెలవెలబోవాలి కదా! కానీ కొన్ని మొక్కలు ఈ ఎండుదనం కోసమే కాచుకుని కూర్చుంటాయి.

జనవరిలో చాలామంది నర్సరీకి వెళ్ళి పెటూనియాలు, డయాంథస్‌లు తెచ్చుకుంటారు. అవీ అందమైనవే. కానీ రోజూ నీళ్లు కావాలి, మార్చి ఎండకు మాడిపోతాయి. బోరు అడుగంటితే ట్యాంకరు కోసం చూసే కాలనీల్లో వాటికోసం అంత నీరు పొయ్యడం నాకు మనసొప్పదు. మన చలికాలపు చివరి రోజులకు మన నేలకు తగ్గ మొక్కలున్నాయి.

ముందు కాగితంపూల సంగతి చెప్పాలి. దీని పుట్టిల్లు బ్రెజిల్ అయినా హైదరాబాద్ ఎండను ఇంతగా ప్రేమించే తీగ మరొకటి లేదు. మనం పువ్వు అనుకునేది నిజానికి రంగు మారిన ఆకు. మూడు రంగు ఆకుల మధ్య సన్నని గొట్టంలా ఉండే తెల్లనివే అసలు పూలు. రాత్రులు పొడుగై, వేళ్ళ దగ్గర మట్టి ఎండితే ఈ తీగ ఆకులు వెయ్యడం తగ్గించి పూతకు దిగుతుంది. నీళ్లు, యూరియా దండిగా అందితే పచ్చగా పాకుతుంది తప్ప పూయదు.

ఎదురింటి అమ్మాయి ఓ రోజు బాధగా అడిగింది. "అక్కా, రోజూ పొద్దుగాల పైపు పెడుతున్న. ఆకులే ఆకులు, ఒక్క పువ్వు లేదు."

"పైపు కట్టెయ్ చెల్లె. ఆకు వాలినట్టు కనిపించినప్పుడే పొయ్యి. కుండీ కూడా మార్చకు, వేళ్ళు ఇరుకుగా ఉంటేనే మంచిగ పూస్తది" అన్నాను. ఫాల్గుణం వచ్చేసరికి వాళ్ళ ప్రహరీ గోడ కనిపించలేదు, అంతా రాణి రంగే. కొత్త కొమ్మల మీదే పూలొస్తాయి కాబట్టి, వానలు వెనకపట్టాక, దసరా ప్రాంతంలో, ఒకసారి కత్తిరిస్తే చాలు.

చేమంతిదీ చిక్కుడుదీ ఇంకో లెక్క. ఇవి రాత్రి పొడుగును కొలుస్తాయి. అందుకే వీధిదీపం వెలుగు రాత్రంతా పడేచోట పెట్టిన చేమంతి ఆలస్యంగా పూస్తుంది, ఒక్కోసారి పూయనే పూయదు. కుండీని దీపానికి చాటు చెయ్యండి. పూలు అయిపోగానే మొదలంటా కత్తిరించి, పిలకల్ని ఎండాకాలమంతా నీడన కాపాడుకుంటే వచ్చే ఏడు మళ్ళీ కొననక్కర్లేదు. ఇక పందిరి చిక్కుడు! దాని ఊదారంగు పూల గుత్తుల్ని ఎవరూ పూలమొక్కల్లో చేర్చరు గానీ, మాఘ శుద్ధ సప్తమికి రథం కట్టడానికి కాయలిస్తూనే పక్కన పూస్తూ ఉండే ఆ తీగకంటే నిండుగా కనిపించేది నాకు ఏదీ లేదు.

చెట్లకు వస్తే నేను గిరిపుష్పం పక్షం. మధ్య అమెరికా నుంచి వచ్చిన ఈ చెట్టు జనవరి, ఫిబ్రవరిలో ఆకు రాల్చి, ఆ బోడికొమ్మల పొడవునా లేత గులాబీ పూలు పూస్తుంది. సంతోష్‌నగర్‌లో 1985లో ఏర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, మనం క్రీడా అని పిలిచేది, దీన్ని పొలం గట్ల మీద పెంచమని ఎన్నాళ్ళుగానో రైతులకు చెబుతోంది. గాలిలోని నత్రజనిని పట్టుకునే జాతి ఇది. ఆకు కోసి నేలలో కలిపితే ఎరువే. వానాకాలంలో చేతి మందం కొమ్మ నాటినా వేళ్ళు పడతాయి. నవంబరు తర్వాత మాత్రం కొమ్మలు నరకకండి, ఆ కొమ్మలతో పాటు పూత కూడా పోతుంది. గింజలు విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో కాయలు ముదరకముందే తీసెయ్యాలి.

మోదుగ పెద్ద చెట్టు, నెమ్మదిగా ఎదుగుతుంది, 200 గజాల ఇంట్లో పట్టదు. అయినా చెప్పకుండా ఉండలేను. ఆకులన్నీ రాల్చుకుని, నల్లటి మఖమల్ తొడిమల్లోంచి నిప్పురంగు పూలు తీస్తుంది. ఆకుల అడ్డు లేకపోవడంతో గోరింకలకూ తేనెపిట్టలకూ అంత దూరం నుంచీ పూలు కనిపిస్తాయి. అవి తేనెకు వచ్చి పుప్పొడి మోసుకుపోతాయి. ఆదిలాబాద్ అడవుల్లో ఈ రోజుల్లో కొండవాలంతా ఎర్రబడుతుంది. చిన్నప్పుడు ఈ పూలను రాత్రి నీళ్లలో నానేసి హోలీ రంగు చేసుకునేవాళ్ళం. ఒంటికి మంట లేదు, కళ్ళకు భయం లేదు. రాళ్ళగుట్టల మీద బోడికొమ్మల చివర పసుపుపచ్చగా పూసే కొండగోగు కూడా ఈ నేల బిడ్డే. నగరం వీధుల్లో గులాబీరంగు తబేబుయాలు వరసగా నాటుతున్నారు, బాగానే ఉంది. వాటి మధ్యమధ్య ఒక మోదుగ, ఒక కొండగోగు నాటితే మన పిట్టలకూ కూడుంటుంది.

కాలనీ పార్కుకు స్థలం వదిలిన చోట సంక్షేమ సంఘం వాళ్ళను మోదుగ మొక్క నాటమని అడగండి. మీ గేటు పక్క జానెడు చోటుంటే జూన్‌లో తొలకరి పడగానే కాగితంపూల అంటు నాటండి. జనవరి వచ్చాక ఆకు వాలేదాకా దానికి నీళ్లు పొయ్యకుండా మనసు గట్టి చేసుకోండి.