ఓడిన సేనాని వెండి

మార్క్ ఆంటోనీ క్రీ.పూ. 32-31లో కొట్టించిన వెండి డెనారియస్ మన రూపాయి బిళ్ల కన్నా కాస్త చిన్నది, బరువు మూడున్నర గ్రాముల పైచిలుకు. అప్పటికే రోమన్ సేనానులు తమ ముఖాలను నాణేల మీద వేయించుకోవడం మొదలుపెట్టారు. ఆంటోనీ కూడా వేయించుకున్నాడు, ఈజిప్టు రాణి క్లియోపాత్రా ముఖంతో జోడించి మరీ. ఈ నాణెం మీద మాత్రం ఎవరి ముఖమూ లేదు. బొమ్మ వైపు తెడ్ల వరసతో సాగుతున్న యుద్ధనౌక ఉంటుంది, దాని పైన అతని పేరు. బొరుసు వైపు కర్ర కొసన వాలిన గద్ద, దానికి అటూ ఇటూ రెండు సేనాధ్వజాలు, వాటి నడుమ రోమన్ అంకెల్లో ఒక లీజియన్ (రోమన్ సైనిక దళం) సంఖ్య. రెండో లీజియన్ మొదలు ఇరవై మూడో లీజియన్ దాకా ఒక్కో దళం పేరిట ఒక్కో రకం కొట్టారు. చేతికొచ్చిన నాణెం మీద తన దళం పేరే కనబడితే సైనికుడి ఛాతీ ఉప్పొంగే ఉంటుంది. ఆంటోనీకి సైనికుల మనసు తెలుసని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది నాకు.

జూలియస్ సీజర్ హత్య జరిగిన మరుసటి ఏడాది, క్రీ.పూ. 43లో, ఆంటోనీ, ఆక్టేవియన్, లెపిడస్ అధికారాన్ని పంచుకున్నారు. తర్వాత లెపిడస్‌ను పక్కకు నెట్టేశాక పడమర ఆక్టేవియన్ చేతిలో, తూర్పు ఆంటోనీ చేతిలో మిగిలాయి. ముగ్గురి ఒప్పందం గడువు తీరిపోయినా, ఆంటోనీ ఈ నాణెం మీద నౌక కింద తన పాత పదవినే చెక్కించాడు: రాజ్యాన్ని చక్కదిద్దే ముగ్గురిలో ఒకణ్ణని. ఆక్టేవియన్ ఎత్తు వేరు. రోమన్ల మీద రోమన్ల యుద్ధమంటే జనం అప్పటికే విసిగిపోయి ఉన్నారు. అందుకే క్రీ.పూ. 32లో యుద్ధాన్ని క్లియోపాత్రా ఒక్కదాని మీదే ప్రకటింపజేశాడు. అంతర్యుద్ధానికి విదేశీ యుద్ధమన్న ముసుగు తొడిగాడు.

ఆ చలికాలం ఆంటోనీ గ్రీసులోని పాట్రాయ్‌లో మకాం వేశాడు. సైన్యానికి జీతాలివ్వాలి. సీజర్ కాలం నుంచి సైనికుడి ఏడాది జీతం 225 డెనారియస్‌లు. ఐదు వేల మందితో నిండుగా ఉన్న ఒక్క లీజియన్‌కే ఏడాదికి 11 లక్షలు దాటుతుంది. ఆంటోనీ పక్షాన అలాంటి దళాలు 19 నిలిచాయని ప్లూటార్క్ రాశాడు. వాటి మీద నౌకాదళం ఖర్చు. క్లియోపాత్రా 200 నౌకలు, 20,000 టాలెంట్ల ధనం తెచ్చిందని కూడా ఆయనే చెప్పాడు. అంత ధనం వచ్చినా టంకశాలలో వెండికి రాగి కలిపారు. ఆంటోనీ డెనారియస్‌లో ఇనుము కలిపాడని తర్వాతి కాలపు ప్లినీ నిందించాడు గానీ, నేటి లోహపరీక్షల్లో తేలింది రాగే.

క్రీ.పూ. 31 సెప్టెంబరు 2న గ్రీసు తీరంలోని యాక్టియం దగ్గర సముద్రం మీద, సేనాని అగ్రిప్పా నడిపిన ఆక్టేవియన్ నౌకలు గెలిచాయి. క్లియోపాత్రా తన ఓడలతో తప్పించుకుపోయింది, ఆంటోనీ ఆమె వెనకే వెళ్లిపోయాడు. ఒడ్డున ఉన్న సైన్యం నాయకుడు తిరిగొస్తాడని ఏడు రోజులు చూసి లొంగిపోయింది. మరుసటి ఏడాది అలెగ్జాండ్రియాలో ఇద్దరూ ప్రాణాలు తీసుకున్నారు.

మనుషుల కథ అక్కడితో తీరిపోయింది, నాణెం కథ తీరలేదు. ఓడినవాడి పేరున్నా గెలిచినవాడి రాజ్యంలో ఈ డెనారియస్ రెండు వందల ఏళ్లకు పైగా చెల్లింది. దాన్ని కాపాడింది దాని కల్తీయే. చేతికి రెండు నాణేలొస్తే జనం వన్నె ఎక్కువున్నదాన్ని దాచుకుంటారు, లేదా కరిగిస్తారు. తక్కువదాన్ని బజారులో వదిలించుకుంటారు. అలా ఆంటోనీ నాణెం చేతులు మారుతూనే ఉండిపోయింది. ఇప్పుడు దొరికే వాటిలో చాలావాటి మీద తెడ్లు అరిగి ఒక్క గీతగా మిగిలాయి, లీజియన్ అంకె పోల్చుకోవడమే కష్టం. నౌక మీదో, పక్కనో చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. లోపల వెండి ఉందో, పైపూతేనో తేల్చుకోవడానికి షరాబులు కొట్టిన గుర్తులవి.

మంచి వెండి ఎటు వెళ్లిందో మన నేలలోనూ ఆనవాళ్లున్నాయి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. వాటిలో అత్యధికం ఆగస్టస్‌వి, అతని వారసుడు టైబీరియస్‌వి. ఆగస్టస్ అంటే ఆంటోనీని ఓడించిన ఆక్టేవియనే. దక్షిణ భారతంలో దొరికిన మిగతా వెండి నిధుల్లోనూ ప్రధానంగా ఈ ఇద్దరి నాణేలే ఉంటాయి. సముద్రం దాటి సరుకు కొనడానికి వచ్చినవాళ్లకు ఇక్కడి వర్తకుల దగ్గర వన్నె తగ్గిన వెండి చెల్లేది కాదని నేను అనుకుంటాను.

క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి కొత్త డెనారియస్ బరువునూ వన్నెనూ తగ్గించాడు. సుమారు 107లో ట్రాజన్ చక్రవర్తి పాత నాణేలను వెనక్కి రప్పించి కరిగించాడు. మంచి వెండి ఉన్నవి ఆ పొయ్యిలోకి వెళ్లాయి. ఆంటోనీవి కరిగిస్తే లాభం లేదు కాబట్టి బతికిపోయాయి. 160లలో జంట చక్రవర్తులు మార్కస్ ఆరేలియస్, లూసియస్ వేరస్‌లు ఇదే నౌకతో, ఇదే గద్దతో, ఆరో లీజియన్ పేరుతో మళ్లీ నాణెం కొట్టించారు. ఆ దళం ఒకప్పుడు ఆంటోనీదే. దాదాపు రెండు శతాబ్దాలైనా జనం ఆ బొమ్మను గుర్తుపట్టేవారన్నమాట.

తర్వాత సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి డెనారియస్‌లో వెండిని దాదాపు సగానికి దించేశాడు. ఆ లెక్కన ఆంటోనీ పాత కల్తీ నాణెమే బజారులో మేలిరకం అయింది. ఇక అదీ కుండల్లోకి, కొలిమిలోకి చేరడం మొదలైంది. మూడో శతాబ్దం సగానికి వచ్చేసరికి చెలామణీలో దాని జాడ లేదు.