త్రోవలో తప్పిపోవు ప్యాకెట్లు

ఇంటి కంప్యూటరున పాఠము వినుచుండగా ఉపాధ్యాయుని మాట నడుమ నడుమ తెగిపోవుచున్నదని రావిర్యాలయందలి తలిదండ్రులు కొందరు మాతో చెప్పుచున్నారు. ఇంకను వేగము గల కనెక్షను తీసికొందుమా యని వెంటనే యడుగుదురు. నెలనెలా సొమ్ము పెంచుటకు ముందు లోప మెచ్చట నున్నదో కనుగొనుట మేలు.

ఇంటర్నెట్టున మాటగాని బొమ్మగాని యొక్కటిగా ప్రయాణము చేయదు. సాధారణముగా 1500 బైట్లకు మించని ముక్కలుగా విడివడి పోవును. ఈ పద్ధతిని 1965లో బ్రిటను శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ డేవీస్ యూహించెను. ప్యాకెట్టను పేరును ఆయన పెట్టినదే. వార్తాపత్రిక చదువునపుడు తప్పిపోయిన ముక్క మరల పంపబడును గాన, పుట ఆలస్యముగ నైనను పూర్తిగా వచ్చును. సంభాషణకు ఆ యవకాశము లేదు. ఆలస్యముగా వచ్చిన మాట దేనికిని కొఱగాదు. కావుననే పత్రిక చక్కగా వచ్చు నింటనే పాఠము చెడుచుండును.

పరీక్షకు పింగ్ అను సాధనము కలదు. 1983లో అమెరికా దేశస్థుడు మైక్ మూస్ దీనిని వ్రాసెను. మొదట దీనితో ఇంటిలోని రౌటరునకే నూఱు ప్యాకెట్లు పంపవలెను. విండోసు తనంతట నాలుగే పంపును. నాలుగింటిని బట్టి తీర్పు చెప్పరాదు. ఇచ్చటనే కొన్ని పోయినచో దోషము ఇంటిలోనిదే. అప్పుడు కంప్యూటరును తీగతో రౌటరునకు కలిపి మరల చూడుడు. నష్టము మానినచో వైఫైది తప్పు. మాననిచో తీగ మార్చి చూడవలెను.

మేము చూచిన యొక యింట రౌటరు ఇనుప బీరువా వెనుక నుండెను! దానిని హాలు గోడకు మార్చినంతనే బాలిక పాఠము నిలుకడగా వచ్చెను, రుసుము పెంచ నక్కఱలేకపోయెను. వంటయింటి మైక్రోవేవు పొయ్యియు వైఫైయు ఇంచుమించు 2.4 గిగాహెర్ట్జు వద్దనే పనిచేయును గనుక, పొయ్యి వెలిగినపుడు మాత్రమే మాట తెగుటయు కలదు.

రౌటరు వఱకు నష్టము లేనిచో, తీగ నట్లే యుంచి 8.8.8.8 అను బయటి చిరునామాకు పంపుడు. ఇంటివారెల్లరు వీడియోలు చూచుచున్నపుడే నష్టము కలిగిన, దారి నిండిపోయినదని యర్థము; ఎక్కువ వేగము కొనుట ఈ యొక్క సందర్భమున ఉపకరింపవచ్చును. ఎవరును వాడని వేళను నష్టముండెనా, గోడమూల బిగువుగా వంగిన ఫైబరు తీగను ముందు చూచి, పిదప తేదీలు, గంటలు, లెక్కలు వ్రాసిన కాగితముతో కనెక్ష నిచ్చినవారిని పిలువుడు. నెట్టు సరిగా లేదని యూరక చెప్పినచో, రౌటరు ఆపి మరల వేయుమని చెప్పి పోవుదురు.