అంచు తిప్పి చూడండి

దసరానాడు ఆయుధపూజ చేసి, పొద్దుగూకే వేళకు జమ్మిచెట్టు దాకా వెళ్లొచ్చే ఊళ్లు మనవి. పాండవులు ఆయుధాలు దాచుకున్న జమ్మి కథ చిన్నపిల్లలకూ వచ్చు. ముత్తాత సందూకలో దాచిన బిళ్ల కథ మాత్రం ఇంట్లో పెద్దలకే తెలియదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఏ పాత ఇంట్లోనైనా అటక దులిపితే రంగు వెలిసిన రిబ్బనుతో ఒక పతకమో, సొట్టపడ్డ ఇనుప టోపీయో బయటపడవచ్చు. తూకానికి వేసే ముందు ఈ ముచ్చట్లు చదవండి.

ఆ ఏసీ చల్లబరిచేది కాదు

హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేరు వింటే కొత్తవాళ్లకు చల్లని గది గుర్తుకొస్తుంది. అసలు పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఆ గుర్రపు దండు మూలం వనపర్తిలో ఉంది. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశులు రాజా రామేశ్వరరావు ఆఫ్రికా సంతతి సిద్దీలతో అంగరక్షక దళాన్ని పెంచారు. ఆయన తదనంతరం ఆ దళం నిజాం కొలువుకు చేరింది. వాళ్లు కాపురమున్న చోటికి వాళ్ల పేరే నిలిచింది. బల్లేలు పోయాయి, గుర్రాలు పోయాయి, బస్తీ పేరు మిగిలింది.

మరో రెండు బస్తీలు

పాతబస్తీ అవతలి బార్కాస్ అంటే సైనికుల బ్యారక్సే. అరబ్బు సిపాయిలు అక్కడ ఉండేవారు. అబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీని పాతవాళ్లు ‘తోప్ కా సాంచా’ అంటారు. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ 1795లో అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. పాత ఆయుధాల వేటకు బయల్దేరేవాడు ముందు ఊరి పేర్లనే తవ్వుకోవాలి.

డమాస్కస్ కత్తిలో మన ఉక్కు

నీటి అలల్లాంటి చారలుండే డమాస్కస్ కత్తుల కోసం సేకర్తలు ప్రాణం పెడతారు. వాటికి పేరు తెచ్చిన లోహం ‘వుట్జ్’. ఆ మాట మన ‘ఉక్కు’ నుంచే పుట్టిందని పండితులు చెబుతారు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కాచిన ఆ ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవారు.

నడిగడ్డ పొరుగున తుపాకి మోత

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఈ రెండు నదుల మధ్య నేల కోసమే విజయనగరం, బీజాపూరు తరాల తరబడి కొట్టుకున్నాయి. 1520లో రాయచూరు కోట ముట్టడిలో కృష్ణదేవరాయల పక్షాన పోర్చుగీసు తుపాకీవాళ్లు కూడా ఉన్నారు. గోడ మీద తల ఎత్తినవాణ్ణి వాళ్లు గురిచూసి కొడుతుంటే, రాయలవారి మనుషులు కింద గడ్డపారలతో గోడ రాళ్లు పెకలించారు. ఈ సంగతి రాసిపెట్టినవాడు నూనిజ్, వాడూ పోర్చుగీసువాడే.

ముఖం కాదు, అంచు

పతకం చేతికి రాగానే అందరూ రాజుగారి బొమ్మ చూస్తారు. తెలిసినవాడు అంచు తిప్పి చూస్తాడు. మొదటి ప్రపంచ యుద్ధపు వెండి పతకం అంచున సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం చిన్న అక్షరాల్లో అచ్చువేసి ఉంటాయి. 1914-15 స్టార్ అనే పతకానికైతే పేరు వెనకవైపు ఉంటుంది. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండానే స్టార్లు పంచారు. భారతీయ సిపాయిల పతకాలకు మాత్రం పేర్లు వేసి ఇచ్చారు. పరిశోధించేవాడికి మన సిపాయి పతకం తెల్లదొర పతకం కన్నా ఎక్కువ సంగతులు చెప్పే సందర్భం ఇదొకటి.

వెండిని మించిన కంచు

అదే మొదటి యుద్ధపు పతకాన్ని సిపాయిలకు వెండితో, కూలీ దళాలవాళ్లకు కంచుతో చేశారు. కంచువి సుమారు 1,10,000 మాత్రమే ఇచ్చారు. వెండివి లక్షల్లో ఉండడంతో, ఆనాడు కూలివాడని తక్కువ చేసి ఇచ్చిన బిళ్ల ఈనాడు సేకర్తల దగ్గర ఎక్కువ ధర పలుకుతుంది. వెండివాటికి ఇంకో గండం కూడా వచ్చింది. 1980 ప్రాంతంలో వెండి ధర ఒక్కసారిగా ఎగబాకినప్పుడు లోకమంతటా ఎన్నో పతకాలు కుంపట్లో కరిగిపోయాయి.

హైదరాబాద్ అని ఉంటే మనవాడేనా?

కొత్త సేకర్త తప్పకుండా పడే గుంత ఇది. అంచు మీద ‘19 హైదరాబాద్ రెజిమెంట్’ అని చదవగానే మనవాడే అని చంకలు గుద్దుకుంటాడు. ఆ పటాలం పాత హైదరాబాద్ కంటింజెంట్ అనే దండు వారసత్వమే గాని, రెండో యుద్ధం నాటికి అందులో ఉన్నది ఎక్కువగా కుమావూ కొండలవాళ్లు, ఉత్తరాది అహీర్లు, జాట్లు. 1945లో దాని పేరే కుమావూ రెజిమెంట్‌గా మారింది. నిజాం సొంత సైన్యం వేరు. దానికి ‘హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ’, ‘హైదరాబాద్ లాన్సర్స్’ వంటి పేర్లు ఉండేవి. పాలమూరు మనిషి కోసం వెతికేవాడు ముందు ఈ రెండో గంప దులపాలి.

మలయాలో రెండు హైదరాబాద్‌లు

ఈ తికమక యుద్ధరంగంలోనూ ఉంది. 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు మలయాలోని కోటా భారు తీరంలో దిగినప్పుడు, అక్కడి విమానాశ్రయం కాపలా నిజాం సైన్యపు 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీది. నెల తిరిగేలోపు స్లిమ్ నది దగ్గర దెబ్బతిన్నది బ్రిటిష్ ఇండియా సైన్యపు 19 హైదరాబాద్ రెజిమెంట్ 4వ బెటాలియన్. పేరు ఒకటే, యజమానులు ఇద్దరు. అంచు మీది ఒక్క మాట తప్పు చదివితే సిపాయి ఒకడైతే కథ ఇంకొకడిదైపోతుంది.

ఇంద్రుడి వజ్రాయుధం, హైదరాబాద్ పటాలం

పరమవీరచక్ర మీద నాలుగు దిక్కులా ఇంద్రుడి వజ్రాయుధం ఉంటుంది. లోకం కోసం వెన్నెముక ఇచ్చిన దధీచి కథ దాని వెనక ఉంది. ఆ నమూనా గీసింది సావిత్రీ ఖానోల్కర్. పుట్టుకతో యూరప్ మహిళ, మరాఠీ సైనికాధికారి ఇల్లాలు. ఆ పతకం మొట్టమొదట దక్కిన మేజర్ సోమనాథ్ శర్మ 1942లో ఉద్యోగంలో చేరింది ఎక్కడో తెలుసా? పైన చెప్పిన 19 హైదరాబాద్ రెజిమెంట్‌లోనే.

ఢిల్లీ కూడలిలో మన సవారు

ఢిల్లీ తీన్‌మూర్తి భవన్ ముందు నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్‌ది. మిగతా రెండూ జోధ్‌పూర్, మైసూరు సంస్థానాలవి. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీద గుర్రాలతో విరుచుకుపడినవి జోధ్‌పూర్, మైసూరు దళాలు. హైదరాబాద్ సవార్లకు ఆ వేళ బందీల బాధ్యత పడింది. అందుకే ‘మా తాత హైఫాలో మెషిన్‌గన్ల మీదికి ఉరికాడు’ అన్న ఇంటి కథను పతకంతో, దళం డైరీతో సరిచూసుకోవాలి. కాపలా కాసినవాడి పతకానికి విలువేమీ తగ్గదు. 2018లో ఆ కూడలికి హైఫా పేరు కూడా చేర్చారు.

రిబ్బను రంగులూ మాట్లాడతాయి

ఆఫ్రికా స్టార్ రిబ్బనులో లేత ఇసుక రంగు ఎడారికి గుర్తు. బర్మా స్టార్‌లోని నారింజ గీతలు సూర్యుడికి. మొదటి యుద్ధపు విజయ పతకానికి రెండు ఇంద్రధనుస్సులు కలిపి నేసినట్టుంటుంది. పతకం పోయి రిబ్బను గుడ్డముక్క మిగిలినా మనిషి ఏ దిక్కుకు వెళ్లాడో పోల్చుకోవచ్చు.

అశోకచక్రం మీద కిరీటం

1947 స్వాతంత్ర్య పతకం చూస్తే కళ్లు నులుముకోవాలి. ఒకవైపు మూడు సింహాలు, రెండోవైపు అశోకచక్రం, దాని నెత్తిన బ్రిటిష్ రాజకిరీటం! స్వాతంత్ర్యం వచ్చినా గణతంత్రం ఇంకా రాని రోజులవి. రిబ్బను మాత్రం కాషాయం, తెలుపు, ఆకుపచ్చ.

స్పిట్‌ఫైర్ మీద నిజాం తలపాగా

మొదటి యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు విమానాలు కొనిచ్చింది నిజాం. ప్రతి విమానం మీదా ఆ సంగతి రాయించారు. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే. దాని చిహ్నంలో నిజాం శిరోవేష్టనం ఉంటుంది. ఆ విమానాల ఖర్చుకు మూలం ఖజానా. ఖజానాకు మూలం మన రైతు కట్టిన శిస్తు.

ఇనుప టోపీ మీద ఒక్క అక్షరం

పళ్లెం బోర్లించినట్టుండే ఉక్కు టోపీ 1915లో జాన్ బ్రోడీ పేటెంటు పొందిన నమూనా. పైనుంచి రాలే తునకల నుంచి తల కాచడానికే ఆ వెడల్పు అంచు. రెండో యుద్ధంలో అలాంటి టోపీ మీద ఇంగ్లిషు ‘డబ్ల్యూ’ అక్షరం కనిపిస్తే అది సిపాయిది కాదు, వైమానిక దాడులప్పుడు వీధులు కాచిన వార్డెన్‌ది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాక తెలుగు నేల మీద ఆ కాపలా అవసరం అందరికీ అర్థమైంది.

చింతపండు పెట్టి తోమకండి

పండగకు ఇత్తడి చెంబు తోమినట్టు పతకాన్నీ తోమితే తళతళలాడుతుంది, నిజమే. అదే చేత్తో అంచు మీది అక్షరాలూ అరిగిపోతాయి. వెండి మీద నలుపు గాలిలోని గంధకం వల్ల వచ్చేది. అది మరకలా కనిపించినా వయసుకు సాక్ష్యం. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, తేమ తగలకుండా కాగితంలో చుట్టి ఉంచితే చాలు. పాత రిబ్బను మార్చవద్దు, ఉతకవద్దు.

నకిలీ పట్టే కొలత

అసలు పేరును ఆకురాయితో గీకి, గొప్పవాడి పేరు చెక్కి అమ్మే మాయగాళ్లున్నారు. అంచు గీకితే పతకం అడ్డకొలత వెంట్రుకవాసి తగ్గుతుంది. పక్కన సరైన పతకం పెట్టి కొలిస్తే దొంగ దొరుకుతాడు.

చట్టం గీత

తుపాకీ పాతదే కదా అని లైసెన్సు లేకుండా గోడకు తగిలించరాదు. 9 అంగుళాల పొడవు లేక 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తులు కూడా ఆయుధ నిబంధనల్లోకి వస్తాయి. వంటింటి, పొలం పనిముట్లు వేరు. వందేళ్లు దాటిన పురావస్తువును దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరం. పొలంలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతుంది. ఇక పేలని గుండు కనిపిస్తే సేకరణ మాట మరచి, దూరంగా జరిగి, పోలీసులకు చెప్పండి.

వెంకటయ్య ఎన్ని రకాలు?

చివరి చిక్కు పేరుదే. ఊళ్లో తెలుగులో పలికిన పేరు, నిజాం దఫ్తరులో ఉర్దూలోకి ఎక్కి, అక్కడి నుంచి ఇంగ్లిషు అచ్చులోకి దిగేసరికి వెంకటయ్య ఎవరో, వెంకయ్య ఎవరో తేలదు. ఇంటిపేరు సాధారణంగా ఉండదు. కాబట్టి ఒక్క స్పెల్లింగు పట్టుకుని వెతకవద్దు. నంబరు, పటాలం కలిపి వెతకండి. ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లైతే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ జాబితాల్లో చాలామందికి తండ్రి పేరు, ఊరి పేరు కూడా ఉంటాయి. సంస్థానపు కాగితాల కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాలయం మెట్లెక్కాలి. ఉర్దూ చదివే పెద్దాయన ఒకరు తోడుంటే సగం పని అయినట్టే.

పాండవులకు ఏడాది తిరగగానే తమ ఆయుధాలు తామే దించుకునే భాగ్యం దక్కింది. సందూకలోని బిళ్ల వందేళ్లుగా ఎదురుచూస్తోంది. ఇవాళే తీసి, కిటికీ వెలుతురులో అంచు తిప్పి, నంబరుతో సహా ఆ పేరును ఇంటి లెక్కల పుస్తకంలో రాసిపెట్టండి. పతకం రేపు ఎవరి చేతికి పోయినా, పేరు మీ ఇంట్లోనే ఉంటుంది.