ఒక చెవిలో మాస్టారు, ఒక చెవిలో కంప్యూటర్

తల్లాడ నుంచి ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఈ నెల అనుకున్న విషయాన్ని పక్కన పెట్టించింది. ఆయనకు చూపు లేదు, పోటీ పరీక్షలకు చదువుతున్నారు. ల్యాప్‌టాప్‌లో ఆన్‌లైన్ క్లాసు వింటూ నోట్సు రాసుకుంటారు. రాసేటప్పుడు స్క్రీన్ రీడర్ మాట్లాడుతుంది, అటు మాస్టారూ మాట్లాడుతుంటారు. "ఇద్దరూ కలిస్తే ఇద్దరి మాటా పోతోంది. సౌండ్ తగ్గిస్తే ఇద్దరిదీ తగ్గుతోంది. లోపం నా చెవిలోనా, కంప్యూటర్‌లోనా?" అని అడిగారు.

చెవిలో ఏ లోపమూ లేదు. కంప్యూటర్‌లో ఉన్న లోపానికి మందు వచ్చింది గానీ, ఆ సంగతి ఊళ్లదాకా చేరలేదు. ఆ మందు ఎందుకు పనిచేస్తుందన్నదే అసలు కథ.

ముందు నాలుగు ముక్కలు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రామ్ స్క్రీన్ రీడర్. ఎన్‌వీడీఏ అనేది అందులో ఉచితంగా దొరికేది. చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైఖేల్ కరన్ 2006లో దాన్ని మొదలుపెట్టాడు, ఆయనలాగే చూపులేని జేమ్స్ టే తోడయ్యాడు. ల్యాప్‌టాప్ కీబోర్డు మీది సౌండ్ మీటలు మొత్తం శబ్దాన్ని పెంచుతాయి, తగ్గిస్తాయి. అందుకే తల్లాడలో ఇద్దరి గొంతులూ కలిసి తగ్గుతున్నాయి. ఏ ప్రోగ్రామ్ శబ్దం దానికే విడిగా తగ్గించే ఏర్పాటు 2007లో విండోస్ విస్టాతో వచ్చింది. విండోస్ 11లో విండోస్, కంట్రోల్, వీ మీటలు కలిపి నొక్కితే ఆ మిక్సర్ తెరుచుకుంటుంది. మౌస్ అక్కర్లేదు.

2016లో ఎన్‌వీడీఏకు ఇంకో సౌకర్యం వచ్చింది. స్క్రీన్ రీడర్ నోరు తెరవగానే మిగతా శబ్దాలన్నీ వాటంతట అవే తగ్గుతాయి, అది ఆగగానే మళ్లీ లేస్తాయి. ఎన్‌వీడీఏ మీటతో (మామూలుగా అది ఇన్సర్ట్ మీట) షిఫ్ట్, డీ నొక్కి దీన్ని మార్చుకోవచ్చు. పాటలు వింటూ పని చేసుకునేవాళ్లకు ఇది హాయి. క్లాసు వినేవాళ్లకు మాత్రం చాలదు. అక్షరం టైపు చేసినప్పుడల్లా మాస్టారి గొంతు దిగిపోతుంటే సూత్రం సగంలోనే పోతుంది.

నాకు ఎంతో ఇష్టమైనది 2024లో, 2024.2 వెర్షన్‌తో వచ్చింది. ఎన్‌వీడీఏ మీటతో ఆల్ట్, ఎస్ నొక్కితే స్క్రీన్ రీడర్ ఎడమ చెవిలోకి వెళుతుంది, మిగతా ప్రోగ్రాములన్నీ కుడి చెవిలోకి వెళతాయి. చూడ్డానికి చిన్న మార్పే. కానీ దాని వెనక డెబ్బై ఏళ్ల చెవి శాస్త్రం ఉంది.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తం ఉంటుంది. దాన్ని విప్పి పరిస్తే సుమారు 35 మిల్లీమీటర్లు. అందులోని పల్చటి పొర మీద ఒక్కో స్వరానికి ఒక్కో చోటు. కీచు శబ్దాలు ముందు కొసన, బొంగురు శబ్దాలు చివరి కొసన దాన్ని కదిలిస్తాయి. ఈ పొర కదలికలను చూసి లెక్కగట్టిన బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. బొంగురు శబ్దపు అల చివరి కొసకు చేరాలంటే కీచు శబ్దాల చోటు దాటే వెళ్లాలి. గట్టిగా ఉన్న బొంగురు గొంతు సన్నటి శబ్దాలను నొక్కేయడానికి అదే కారణం. స, శ, చ లాంటి హల్లుల బలమంతా ఆ పై స్వరాల్లోనే ఉంది, పైగా అది చాలా తక్కువ బలం. మాస్టారు దీర్ఘం తీస్తున్న క్షణంలో స్క్రీన్ రీడర్ పలికిన 'స' మెదడుదాకా చేరనే చేరదు. శ్రద్ధ పెట్టి వింటే సరిపోతుందనే సలహా ఇక్కడ పనికిరాదు. చెవి నుంచి బయల్దేరని శబ్దాన్ని శ్రద్ధ ఎక్కణ్ణుంచి తెస్తుంది? రెండు గొంతులనూ చెరో చెవికి పంపితే ఈ తొక్కిసలాట ఉండదు. ఒక్కోటి తన పొర మీద తాను పూర్తిగా అచ్చవుతుంది. ఇక పోటీ అంతా మెదడులోనే.

ఆ పోటీని మొదట కొలిచినవాడు ఇంగ్లండు ఇంజనీరు కోలిన్ చెర్రీ. ఆయన 1953లో ప్రచురించిన ప్రయోగాలు అమెరికాలోని ఎంఐటీతో ముడిపడినవి. మచిలీపట్నం ప్రాంతపు పల్లెలో పుట్టి, చూపు లేకున్నా ఇంటర్‌లో సైన్స్ కోసం కోర్టుకెక్కి, పాఠాలను ఆడియోలో విని చదువుకున్న శ్రీకాంత్ బొల్లా చేరిందీ ఆ ఎంఐటీలోనే. వినికిడి మీద ఆ ప్రయోగాలు జరిగిన చోటుకే, వినికిడితో చదువుకున్న మన కుర్రాడు వెళ్లాడని తలుచుకుంటే నాకు గొప్ప సంతోషం.

చెర్రీ మొదట ఒకే మనిషి చదివిన రెండు పాఠాలను కలిపి రెండు చెవులకూ వినిపించాడు. వినేవాళ్లు టేపు మళ్లీ మళ్లీ వేసుకుని, కళ్లు మూసుకుని, నానా అవస్థా పడి విడదీశారు. తర్వాత చెరో చెవికి చెరో పాఠం పంపాడు. వెంటనే ఒక పాఠాన్ని విన్నది విన్నట్టు పైకి చెప్పేశారు. తల్లాడ ప్రశ్నకు పూర్తి జవాబు ఇందులోనే ఉంది. అయితే రెండో చెవి సంగతేమిటి? అక్కడ మధ్యలో ఇంగ్లీషు ఆపి జర్మన్ మొదలుపెట్టినా ఎవరికీ తెలియలేదు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే మాత్రం తెలిసింది. 'కూ' మని ఒకే స్వరం మోగించినా తెలిసింది.

దీన్ని బట్టి కేంబ్రిడ్జిలోని డొనాల్డ్ బ్రాడ్‌బెంట్ 1958లో ఒక సిద్ధాంతం కట్టాడు. మెదడు ద్వారం దగ్గరే ఒక వడపోత ఉంటుందనీ, పట్టించుకోని చెవిలోని మాటల అర్థం లోపలికే రాదనీ అన్నాడు. చక్కటి సిద్ధాంతమే, కానీ తప్పు. మరుసటి ఏడాదే నెవిల్ మోరే వినేవాళ్ల సొంత పేరును ఆ రెండో చెవిలో పెట్టి చూశాడు. మూడో వంతు మందికి తమ పేరు వినిపించింది! అర్థం లోపలికి రాకపోతే పేరు తెలిసేదెలా? తల్లాడ సెంటర్‌లో స్నేహితుడితో మాటల్లో పడితే కండక్టర్ల ఏన్కూరు, కొత్తగూడెం కేకలు చెవినపడవు, మన పేరు ఎవరైనా పిలిస్తే తల తిరుగుతుంది. 1960లో ఆన్ ట్రీస్‌మన్ సర్దుబాటు చేసింది. ద్వారం మూసుకోదు, అవతలి మాటల బలం తగ్గుతుందంతే. మనకు ముఖ్యమైన మాటైతే ఆ కాస్త బలంతోనే మేల్కొంటుంది.

మన దగ్గర కూడా ఒక అపోహ ఉంది. అష్టావధాని ఎనిమిది మందిని ఒకేసారి వింటాడని అంటుంటారు. సభలో జాగ్రత్తగా గమనించండి. పృచ్ఛకులు ఒకరి తర్వాత ఒకరే అడుగుతారు, అప్రస్తుత ప్రసంగి కూడా సందు చూసుకునే దూరతాడు. పద్యం నడుస్తుండగా మధ్యలో మోగేది గంట ఒక్కటే, దాన్నే ఆయన లెక్క పెట్టుకుంటాడు. రెండో చెవిలో మాటల అర్థం జారిపోయినా ఉత్త స్వరం జారిపోదని చెర్రీ చూసింది ఇదే. గంటను ఎంచుకున్న మన పెద్దలు వినికిడిని ఎంత బాగా ఎరిగి ఉన్నారో!

స్క్రీన్ రీడర్ చేసేవాళ్లు ఎక్కువగా వాడుకోవలసింది ఇలాంటి ఉత్త స్వరాన్నే. ఫైలు దిగుతుంటే ఎన్‌వీడీఏ అంకెలు చదవకుండా మెల్లగా పైకెక్కే 'బీప్' వినిపించగలదు. క్లాసు మధ్యలో అది ఎవరినీ అడ్డుకోదు. ప్రతి బటన్ పేరూ మాటల్లో చెప్పించే కొత్త యాప్‌లవాళ్లు ఈ విషయం ఆలోచించడం లేదు.

గొంతు ఎంపిక కూడా ముఖ్యమే. రెండు గొంతులు ఎంత వేరుగా ఉంటే విడదీయడం అంత సులువు. మాస్టారిది మగ గొంతయితే స్క్రీన్ రీడర్‌కు ఆడ గొంతు పెట్టుకోండి. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ గొంతుల్లో తెలుగు ఉంది. లోహపు గొంతని చాలామంది ముఖం చిట్లిస్తారు గానీ, సూత్రాలతో పుట్టిన ఆ గొంతు ఎంత వేగంగా నడిపినా అక్షరం చెదరదు. అలవాటైన అంధులు సెకనుకు 22 అక్షరాలదాకా అర్థం చేసుకోగలరని జర్మనీ పరిశోధకులు చూశారు, చూపున్నవాళ్ల హద్దు 8 దగ్గరే. స్క్రీన్ రీడర్ ఎంత త్వరగా ముగిస్తే మాస్టారితో ఢీకొనే సమయం అంత తక్కువ.

ఏ చెవికి ఏది? 1961లో డోరీన్ కిమురా చూపినదాన్ని బట్టి కుడిచేతి వాటంవాళ్లలో చాలామందికి మాటలు కుడి చెవిలో కాస్త మెరుగు. కొత్త పాఠం కుడికి, పరిచయమైన స్క్రీన్ రీడర్ ఎడమకు ఇవ్వండి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఈ విభజన రెండు వైపుల శబ్దాన్ని కలిపి ఒక చెవికి పంపదు, ఒక వైపును మూసేస్తుందంతే. స్టీరియో పాట వింటే సగం వాయిద్యాలు పోతాయి, కాబట్టి పాటలప్పుడు తీసేయండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో మైకు తెరుచుకోగానే చాలావాటిలో రెండు చెవులకూ ఒకే శబ్దం వస్తుంది, విభజన అక్కడితో సరి. వైరున్న హెడ్‌ఫోనే నయం. ఈ మీటల సంగతి కంప్యూటర్ శిక్షణల్లో మొదటి వారమే చెప్పాలి. కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చి, ఫొటో దిగి వెళ్లిపోయే దాతలు ఒక పూట కూర్చుని ఇది నేర్పితే ఎంత బాగుండును! తల్లాడ మిత్రులు ఎన్‌వీడీఏ కొత్త వెర్షన్ పెట్టుకుని, ఎన్‌వీడీఏ మీటతో ఆల్ట్, ఎస్ నొక్కి రేపటి క్లాసు విని చూడండి. మైకు వాడాల్సిన క్లాసులో ఎలా ఉందో కూడా రాయండి.